ఏది దాచాలి, ఏది వదలాలి: ఫైల్ సర్వర్ బ్యాకప్‌పై తెగని చర్చ

2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. మంటలు ఆరేసరికి జీ-డ్రైవ్ అనే ఉమ్మడి ఫైల్ నిల్వ మొత్తం నాశనమైంది. ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లను ఆఫీసు కంప్యూటర్లలో ఉంచుకోకుండా అందులోనే పెట్టుకోవాలన్నది అక్కడి నిబంధన. మనిషికి 30 గిగాబైట్ల చోటు ఇచ్చారు. పోయింది 858 టెరాబైట్లు. పరిమాణం మరీ పెద్దదనీ, ఆ నిల్వ వ్యవస్థ వేగం తక్కువనీ, అందువల్ల బయట బ్యాకప్ పెట్టలేదనీ అధికారులు చెప్పారు.

అంటే ఎవరో మరిచిపోతే జరిగిన నష్టం కాదిది. దీన్ని వదిలేద్దామని తెలిసి తీసుకున్న నిర్ణయం.

ఫైల్ సర్వర్ ఉన్న ప్రతి ఆఫీసులోనూ చిన్న స్థాయిలో ఇలాంటి నిర్ణయమే జరుగుతూ ఉంటుంది. బ్యాకప్ ఎలా తీయాలన్న దాని మీద నిపుణుల మధ్య ఇప్పుడు పెద్దగా తగాదా లేదు. పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ తన పుస్తకంలో చెప్పిన 3-2-1 సూత్రాన్ని దాదాపు అందరూ ఒప్పుకున్నారు: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లోనో వేరే భవనంలోనో. కానీ దేనికి మూడు కాపీలో ఆ సూత్రం చెప్పదు. ఆ ప్రశ్న మీద దశాబ్దాలుగా వాదనలు పేరుకుపోయాయి. వాటిని ఒకసారి విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

డ్రైవ్ తెరిచి చూస్తే

ఒక మోస్తరు ఆడిట్ ఆఫీసును తీసుకుందాం. పది పన్నెండు మంది సిబ్బంది, అందరికీ కనిపించే ఒక షేర్డ్ డ్రైవ్. అందులో క్లయింట్ల పేర్లతో ఫోల్డర్లు. ఒక్కో దాంట్లో టాలీ డేటా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, స్కాన్ చేసిన బిల్లులు. వాటి పక్కనే ‘కొత్త ఫోల్డర్’, ‘కొత్త ఫోల్డర్ 2’, ‘ఫైనల్’, ‘ఫైనల్ కరెక్షన్ తర్వాత’. ఒక మూల ప్రింటర్ డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు. ఇంకో మూల ఎవరిదో పెళ్లి వీడియో. రెండేళ్ల కిందట మానేసిన ఉద్యోగి పేరుతో ఒక ఫోల్డర్. స్కానర్ నేరుగా ఫైళ్లు పడేసే ఫోల్డర్ మరొకటి. అందులో పేర్లన్నీ తేదీలు, అంకెలే.

పైపైన చూస్తే నిర్ణయం తేలిక. క్లయింట్ల ఫోల్డర్లు ఉంచి, మిగతావి వదిలేస్తే సరిపోయేలా ఉంటుంది. కాస్త లోపలికి వెళితే అంత తేలిక కాదు. స్కానర్ ఫోల్డర్ చెత్తలా కనిపిస్తుంది. కానీ అసలు బిల్లులు క్లయింటుకు తిరిగి ఇచ్చేసి ఉంటే ఆఫీసు దగ్గర మిగిలిన ఏకైక రుజువు అదే. ఇన్‌స్టాలర్లు మళ్లీ దించుకోవచ్చు. అయితే పదేళ్ల కిందటి డేటాను తెరిచే పాత వెర్షన్ ఇప్పుడు ఎక్కడా దొరక్కపోవచ్చు. మానేసిన ఉద్యోగి ఫోల్డర్‌లో ఒక క్లయింటుతో ఏళ్లపాటు నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవచ్చు, సొంత రెజ్యూమే తప్ప ఇంకేమీ లేకపోనూవచ్చు. తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. పెళ్లి వీడియో ఒక్కటి మాత్రమే నిస్సందేహంగా ఆఫీసుకు సంబంధం లేనిది. అదే అన్నిటికన్నా ఎక్కువ చోటు తింటుంది.

టార్, డంప్

ఈ చర్చ ఎంత పాతదో యూనిక్స్ పనిముట్లే చెబుతాయి. డంప్ అనే కమాండ్ ఫైల్‌సిస్టమ్ మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకుంటుంది. సున్నా స్థాయి అంటే అంతా. 1 నుంచి 9 దాకా ఉన్న స్థాయిలు, అంతకన్నా తక్కువ స్థాయిలో చివరిసారి తీసిన బ్యాకప్ తర్వాత మారినవాటిని పట్టుకుంటాయి. 1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చిన టార్ దారి వేరు. ఏ ఫైళ్లు కావాలో, ఏ డైరెక్టరీ కావాలో దానికి మనం పేరు పెట్టి చెప్పాలి. ఒకటి అడగకుండా అంతా తీసుకునేది, ఇంకొకటి చెప్పినంతే తీసుకునేది. నేటి రెండు ప్రధాన వాదాలకూ బీజాలు ఈ రెండు కమాండ్లలోనే ఉన్నాయి.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆర్‌సింక్‌ను తెచ్చాక మారిన భాగాన్ని మాత్రమే నెట్‌వర్క్ మీద పంపడం సాధ్యమైంది. ఒక క్షణంలో డిస్కు ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్లు 2000 తర్వాత మామూలు సర్వర్లకూ వచ్చాయి. సాధనాలు మెరుగుపడితే ప్రశ్న దానంతటదే తీరిపోతుందని చాలామంది ఆశించారు. అది తీరలేదు, డిస్కులు పెరిగినకొద్దీ వాటిలో పెట్టేదీ పెరిగింది.

‘అంతా తీసుకోండి, వద్దన్నవే తీసెయ్యండి’

బ్యాకప్ మీద పుస్తకాలు రాసిన డబ్ల్యు. కర్టిస్ ప్రెస్టన్ మొదటి నుంచీ ఈ పక్షాన ఉన్నారు. ఈ వాదం బలం దాని లెక్కలో ఉంది. తీసుకోవాల్సినవాటి జాబితా పెట్టుకున్నారనుకోండి. సోమవారం ఒకరు కొత్త షేర్ తెరుస్తారు, జాబితా మార్చడం ఎవరికీ గుర్తుండదు. ఆ క్షణం నుంచి ఆ షేర్‌కు రక్షణ లేదు, లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. అదే వదిలెయ్యాల్సినవాటి జాబితా అయితే కొత్త షేర్ దానంతటదే బ్యాకప్‌లోకి వస్తుంది. ఎక్కువ తీసుకున్న తప్పు ప్రతి నెలా డిస్కు ఖర్చులో కనిపిస్తుంది. తక్కువ తీసుకున్న తప్పు రిస్టోర్ చేయాల్సిన రోజున తప్ప కనిపించదు. ఈ రెండు తప్పులూ సమానం కావు. ఈ చర్చ మొత్తంలో ఇంతకన్నా గట్టి మాట మరొకటి కనిపించదు.

దీన్ని చివరికంటా తీసుకెళ్లినవాళ్లు బెల్ ల్యాబ్స్ వాళ్లు. అక్కడి ప్లాన్ 9 వ్యవస్థలో ఫైల్ సర్వర్ రోజుకొకసారి తన స్థితి మొత్తాన్ని చెరపడానికి వీల్లేని ఆప్టికల్ డిస్కుల మీదికి ఎక్కించేది. ఏ రోజు ఫైళ్లు కావాలంటే ఆ రోజు తేదీ ఉన్న డైరెక్టరీలోకి వెళ్లి చూసుకోవడమే. 2002లో షాన్ క్విన్లన్, షాన్ డోర్‌వర్డ్ వెంటీ అనే నిల్వ వ్యవస్థను వివరిస్తూ, మనుషులు డేటా పుట్టించే వేగం కన్నా డిస్కుల సామర్థ్యం పెరిగే వేగం ఎక్కువ కాబట్టి చెరపాల్సిన పనే లేదన్నారు. ఒకే బ్లాకు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే నిల్వ అయ్యే పద్ధతి దానిది. డీడూప్లికేషన్ పేరుతో ఇప్పుడు చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడేది ఆ ఆలోచననే. ఒకే పీడీఎఫ్ పది ఫోల్డర్లలో ఉన్నా చోటు ఒక్కదానికే ఖర్చవుతుంది కాబట్టి, ఏరడానికి పెట్టే శ్రమలో చాలా భాగం అనవసరమని ఈ పక్షం వాళ్లు అంటారు.

లోపాలు లేకపోలేదు. మొదటిది సమయం. 2 టెరాబైట్ల డ్రైవ్‌ను సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద పంపితే, లైను పూర్తిగా దానికే ఇచ్చినా, 44 గంటలు పడుతుంది. దించుకునేటప్పుడూ అంతే. పెళ్లి వీడియో ముందు దిగి, ఈ నెల రిటర్నుల ఫోల్డర్ రెండో రోజు సాయంత్రం దిగితే ఆ బ్యాకప్ ఉండీ ప్రయోజనం తక్కువ. రెండోది ఇంకా తీవ్రమైనది. ‘అంతా’ అన్నంత మాత్రాన అంతా రాదు. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను మామూలు ఫైళ్లలా కాపీ చేస్తే, ఒక భాగం నిమిషం ముందుదీ ఇంకో భాగం నిమిషం తర్వాతదీ కలిసిన అతుకుల బొంత మిగులుతుంది. బ్యాకప్ జాబితాలో ఫైలు పేరు ఉంటుంది, తెరిస్తే తెరుచుకోదు. అందుకే డేటాబేస్‌ను దాని సొంత పనిముట్టుతో విడిగా డంప్ తీసి, ఆ డంప్‌ను బ్యాకప్‌లో పెట్టాలి.

‘విలువను బట్టి ఎంచండి’

రెండో పక్షం మొదలుపెట్టేది డబ్బుతో, ముగించేది ప్రాధాన్యంతో. అన్నిటికీ ఒకే రక్షణ ఇస్తే ముఖ్యమైనవాటికి చాలినంత రక్షణ అందదని వీళ్ల వాదన. ఎంత సేపటి పని పోయినా తట్టుకోగలం, ఎంత సేపట్లో తిరిగి నిలబడాలి అనే రెండు ప్రశ్నలు ప్రతి ఫోల్డర్‌కూ వేసుకోవాలి. ఖాతాలకు గంట, ఉత్తరాలకు రోజు, పాత ప్రాజెక్టులకు నెల అని మెట్లు కట్టుకోవాలి. పెద్ద సంస్థలు ఇలాగే నడుస్తాయి. ఇది అవసరమైన క్రమశిక్షణే.

చిక్కు చివరి మెట్టు దగ్గర వస్తుంది. ఆ మెట్టు నుంచి ‘అసలు అక్కర్లేదు’లోకి జారడం చాలా తేలిక. డేజాన్‌లో జరిగింది అదే. మంజూరైన పత్రాలు, తుది నివేదికలు వేరే వ్యవస్థలో కూడా ఉన్నాయి కాబట్టి అవి దక్కాయి. పోయింది వాటి వెనకున్న పని: ముసాయిదాలు, లెక్కలు, సగంలో ఉన్న ఫైళ్లు. ‘మరీ పెద్దది’ అన్న కారణాన్నీ ఒకసారి కొలిచి చూడాలి. ఎల్‌టీఓ-9 టేపు ఒక్కదాంట్లో కుదింపు లేకుండా 18 టెరాబైట్లు పడుతుంది. 858 టెరాబైట్లకు 48 టేపులు చాలు. సెకనుకు 400 మెగాబైట్ల పూర్తి వేగంతో రాస్తే ఒక్కో టేపుకు పన్నెండున్నర గంటలు, అంటే ఒకే డ్రైవుతో 25 రోజులు. ఆ పాత నిల్వ నుంచి అంత వేగంగా చదవడం సాధ్యం కాకపోయి ఉండవచ్చు, రోజువారీ మార్పులను పట్టుకోవడం ఇంకా కష్టం. అయినా నెలకో మూడు నెలలకో ఒకసారి తీసిన కాపీ, ఏమీ లేకపోవడం కన్నా ఎంతో మేలు. రోజూ తీయలేం కాబట్టి అసలు తీయొద్దన్నది తర్కం కాదు.

ఎంపికను స్క్రిప్టుకు అప్పగిస్తే ఏమవుతుందో క్యోటో విశ్వవిద్యాలయం చూసింది. 2021 డిసెంబరులో అక్కడి సూపర్‌కంప్యూటర్ నిల్వలో పాత లాగ్ ఫైళ్లను తొలగించాల్సిన బ్యాకప్ స్క్రిప్టును, అది నడుస్తుండగానే మార్చారు. విలువ లేని వేరియబుల్‌తో తొలగింపు కొనసాగి, 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధన బృందాలు నష్టపోయాయి. పది రోజులు దాటిన లాగ్‌లు అక్కర్లేదన్న నియమంలో తప్పేమీ లేదు. ఆ నియమం ఎక్కడి వరకు వర్తించాలో కాపలా కాసేవాళ్లు లేరు.

‘మళ్లీ తయారవుతుందా?’

మూడో ధోరణి ఈ రెంటికీ మధ్య దారి వెతికింది. పరిమాణం కాదు, విలువ కాదు, పోతే మళ్లీ పుట్టించగలమా అన్నదే కొలబద్ద అంటుంది. లినక్స్ వ్యవస్థల్లో ఏ డైరెక్టరీలో ఏముండాలో నిర్దేశించే ప్రమాణం 1994లో తొలిసారి వెలువడింది. అది ఈ తేడాను డైరెక్టరీల్లోనే కట్టిపెట్టింది. ‘వార్’ డైరెక్టరీ కింద ‘క్యాష్’లో ఉన్నవి చెరిపినా ప్రోగ్రాములు మళ్లీ తయారు చేసుకోగలగాలి. దాని పక్కనే ఉన్న ‘లిబ్’లో డేటాబేస్‌ల వంటి, పోతే తిరిగిరాని స్థితి ఉంటుంది. అక్కాచెల్లెళ్లలా పక్కపక్కన ఉన్న రెండు డైరెక్టరీల మధ్య గీత ఇది. ‘వార్ అంతా చెత్తే’ అనుకుని వదిలేసిన అడ్మిన్ చెత్తతో పాటు డేటాబేస్‌నూ వదిలేసినట్టే. క్యాష్ డైరెక్టరీలో ఒక గుర్తు ఫైలు పెడితే బ్యాకప్ ప్రోగ్రాములు దాన్ని దాటి వెళ్లే ఒప్పందం కూడా ఉంది. తగిన ఆప్షన్ ఇస్తే గ్నూ టార్ దాన్ని పాటిస్తుంది. ఏది అక్కర్లేదో ఆ ఫైళ్లను పుట్టించిన ప్రోగ్రామే చెప్పడం దీనిలోని మంచి.

అయితే మళ్లీ పుట్టించగలమా అన్న ప్రశ్న సగమే. ఎవరు, దేని నుంచి, ఎన్ని రోజుల్లో అని కూడా అడగాలి. బిల్లుల స్కాన్లు కాగితాల నుంచి మళ్లీ తీయవచ్చు. పాతిక వేల కాగితాలైతే ఎవరు తీస్తారు? ఆపరేటింగ్ సిస్టమ్ ఒక పూటలో ఎక్కించవచ్చు. ఏ ఫోల్డర్ ఎవరికి కనిపించాలన్న పర్మిషన్లు, రాత్రిళ్లు నడిచే పనుల పట్టిక, లైసెన్స్ కీలు దానితో రావు. ఇవన్నీ కలిపినా కొద్ది మెగాబైట్లే. వీటిని వదిలేస్తే మాత్రం సర్వర్ లేచి నిలబడ్డాక కూడా వారం రోజులు ఆఫీసు తడుముకుంటుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది. మొదటిది మనిషి మరుపును లెక్కలోకి తీసుకుంటుంది, కానీ సమయాన్ని తక్కువ అంచనా వేస్తుంది. రెండోది సమయాన్ని గౌరవిస్తుంది, కానీ విలువ ముందే తెలుస్తుందని నమ్ముతుంది. మూడోది యంత్రం పుట్టించిన ఫైళ్ల దగ్గర బాగా నప్పి, మనుషులు పుట్టించిన ఫైళ్ల దగ్గర తడబడుతుంది. మూడూ కలిసి వదిలేసిన సంగతి ఒకటి ఉంది. తీస్తున్నామనుకున్నది నిజంగా వస్తోందా? 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్‌ను దాచే గిట్‌ల్యాబ్ సేవలో ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపినప్పుడు, రోజువారీ డంప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని బయటపడింది. డంప్ తీసే పనిముట్టు వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌కు సరిపోలేదు. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లూ చేరలేదు. ఆరు గంటల ముందు ఇంకో పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి నష్టం ఆరు గంటలతో ఆగింది.

చెప్పాల్సింది ఎవరు?

ఈ ప్రశ్న కంప్యూటర్లకన్నా ముందే పుట్టింది. బ్రిటిష్ ఆర్కైవిస్టు హిలరీ జెంకిన్సన్ 1922లో రాసిన గ్రంథంలో, ఏ కాగితం ఉంచాలో తేల్చడం ఆర్కైవిస్టు పని కాదన్నారు. ఆ కాగితం పుట్టిన కార్యాలయమే తేల్చాలి, దాచేవాడు ఎంచడం మొదలుపెడితే సాక్ష్యం చెడుతుందని ఆయన భయం. అమెరికాలో కాగితాలు కొండల్లా పెరిగాక థియొడర్ షెలెన్‌బర్గ్ 1956లో దీనికి ఎదురు నిలిచారు. పుట్టించిన కార్యాలయానికి ఇవాళ్టి అవసరమే కనిపిస్తుంది, రేపటి పరిశోధకుడి అవసరం ఆర్కైవిస్టుకే తెలుస్తుంది, కాబట్టి ఆయనే ఎంచాలన్నారు.

ఫైల్ సర్వర్ దగ్గర ఇదే తగాదా వేషం మార్చుకుని నిలబడింది. అడ్మిన్‌కు ఫైలు సైజు, తేదీ కనిపిస్తాయి, అర్థం కనిపించదు. ఖాతాల విభాగానికి అర్థం తెలుసు, బ్యాకప్ ఎలా నడుస్తుందో తెలియదు. చాలా ఆఫీసుల్లో ఒకరు రెండోవాళ్లు చూసుకుంటున్నారనుకుంటారు. ఇక్కడ ఈ వ్యాసకర్త పక్షం స్పష్టం: ఉంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వదలడానికి కావాలి. ప్రతి మినహాయింపు పక్కన కారణం, తేదీ, ఆ ఫైళ్ల యజమాని పేరు రాసి ఉండాలి. ఏడాదికొకసారి ఆ జాబితాను ఆయన ముందు పెట్టి మళ్లీ అడగాలి.

చట్టం ఎంతవరకు తేల్చింది?

కొన్నిటిలో మన ఇష్టానికి తావు లేదు. కంపెనీల ఖాతా పుస్తకాలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే వాటి బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్లలో ఉంచాలి. ఆ బ్యాకప్ ‘నిర్ణీత కాలాల్లో’ ఉండాలన్న నియమాన్ని 2022 ఆగస్టులో ‘ప్రతిరోజూ’ అని మార్చారు. ఆ పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు, జీఎస్టీ ఖాతాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉండాలి. అడ్మిన్లు మొట్టమొదట మినహాయించేది లాగ్‌లనే కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ ఉంచమనే నియమాలు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెరపమంటుంది: సమ్మతి వెనక్కి తీసుకున్నా, ప్రయోజనం తీరిపోయినా, మరో చట్టం ఉంచమనకపోతే, వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలి. సర్వర్ మీద తొలగించడం తేలిక. చెరపడానికి వీల్లేకుండా రాసిన బ్యాకప్‌లో ఒక మనిషి వివరాలు మాత్రం ఎలా తీసేస్తారు? ఒక్కో వ్యక్తి డేటాకు ఒక్కో తాళంచెవి పెట్టి, అడిగినప్పుడు ఆ చెవిని నాశనం చేయాలని కొందరు అంటారు. బ్యాకప్ గడువు తీరి తనంతట తానే పోయేదాకా ఆగి, ఈలోపు రిస్టోర్ చేస్తే మళ్లీ తొలగించాలని ఇంకొందరు అంటారు. చిన్న ఆఫీసుకు రెండో దారే సాధ్యం. అయితే అప్పుడు బ్యాకప్‌లకు గడువు తప్పనిసరి, వెంటీ కలగన్న ‘ఎప్పటికీ’ సాగదు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఇంకో ముడి వేసింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు దాడికి గురైనప్పుడు దాడి తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది. చెరపలేని బ్యాకప్ ఈ దాడులకు విరుగుడు, వ్యక్తిగత డేటా చట్టానికి తలనొప్పి. ఈ రెండు అవసరాలను కలిపే సమాధానం ఇంకా కుదరలేదు.

తెలుగు ఫైళ్ల సంగతి

1991లో ఎలిజబెత్ జ్వికీ బ్యాకప్ ప్రోగ్రాములను వింత పేర్లు, మరీ పొడవైన దారులున్న ఫైళ్లతో పరీక్షించి, చాలావాటిని పేర్లే ఓడించాయని చూపించారు. ఆ పరీక్ష ఇప్పటికీ తెలుగులో జరుగుతూనే ఉంది. లినక్స్ సర్వర్లలో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. మొత్తం పేరు 85 గుర్తులు దాటకూడదు. విండోస్‌లో 255 గుర్తుల దాకా సాగుతుంది కాబట్టి అక్కడ హాయిగా ఉన్న పొడవాటి తెలుగు పేరు లినక్స్ బ్యాకప్ సర్వర్‌కు కాపీ కాదు. లాగ్‌లో ఒక వరుస పడుతుంది, బ్యాకప్ ముందుకు సాగిపోతుంది. ఎవరూ వదలమనకుండానే వదిలేసిన ఫైలు అది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చాక కూడా చాలా ఏళ్లు, తెలుగు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు, ఆ ఫాంటు గళ్ల సంఖ్యలు. ఫాంటు లేకుండా తెరిస్తే అర్థంలేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. ఇక్కడ బ్యాకప్ నిక్షేపంగా ఉన్నా పుస్తకం లేనట్టే. ‘ఇన్‌స్టాలర్లు, ఫాంట్లు అక్కర్లేదు, మళ్లీ దొరుకుతాయి’ అన్న మామూలు మినహాయింపు నియమం ఈ ఒక్కచోట పూర్తిగా తప్పు.

అందుకే తెలుగు ముద్రాపకులకు, ప్రచురణకర్తలకు, పాత డీటీపీ సెంటర్లు నడుపుతున్నవాళ్లకు ఒక విన్నపం. పేజ్‌మేకర్ ఇంకా తెరుచుకునే కంప్యూటర్ ఒక్కటి ఉన్నా, అది పాడయ్యేలోపు ప్రతి పుస్తకాన్నీ తెరవండి. దాని పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం, అసలు ఫైలు, వాడిన ఫాంట్లు నాలుగూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను బ్యాకప్‌లో చేర్చండి.